మొప్పల పెళ్లికి ముహూర్తం

మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. వాడి హాల్లో, గాజు తొట్టెలో ఒక జత ఆక్సలాటల్‌లు ఉంటాయి. బల్లికీ చేపకూ మధ్య రాజీ కుదిర్చి, తలకు అటు మూడు, ఇటు మూడు ఎర్రటి ఈకలు గుచ్చి, మూతికి చెరగని చిరునవ్వు అద్దినట్టుండే ప్రాణి అది. పోయిన నెల అర్ధరాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, వీటికి ఎనిమిది నెలలు నిండాయి. ఈడొచ్చినట్టేనా?" అని అడిగాడు. మా బంధువర్గంలో సగం సంబంధాలు నా చేతుల మీదుగా కుదిరినవే. ఉభయచరాలు కొత్త గానీ పెద్దరికం నాకు కొత్త కాదు కనుక కళ్లజోడు పెట్టుకుని విచారణకు దిగాను.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఈ జీవికి అసలు పెద్దవడం లేదు. కప్పపిల్ల తోక రాల్చుకుని ఒడ్డెక్కుతుంది. ఇది ఆ ఈకల్లాంటి బయటి మొప్పలతోనే, నీటిలోనే, బాల్యంలోనే పదీ పదిహేనేళ్లు బతికేస్తుంది. ఆ బాల్యంలోనే వందలాది బిడ్డలను కంటుంది. "పెళ్లి చేస్తే వాడే దారిలో పడతాడు" అని మన ఇళ్లలో ఒక సిద్ధాంతం ఉంది. మగ ఆక్సలాటల్‌ను చూశాక దాని మీద నాకు నమ్మకం సడలింది. వెయ్యిమందికి తండ్రయినా వానపాము కనబడితే నోరు తెరుచుకుని నిలబడతాడు, అంతే. పోనీ బలవంతంగా ఎదిగేలా చేద్దామా అంటే, 1920లో జూలియన్ హక్స్లీ అనే ఇంగ్లిష్ జీవశాస్త్రవేత్త పశువుల థైరాయిడ్ గ్రంథి తినిపించి ఆ పనీ చేశాడు. మొప్పలు పోయాయి, ఒడ్డెక్కాయి. అలా ఎదిగినవి సాధారణంగా ఎక్కువకాలం బతకవట. ఎదగమని కొడుకులను పోరేవారు గమనించగలరు.

ఫోటోలు పంపమన్నాను. వరుడికి జీతం, పొలం అడగనక్కర్లేదు. పొడవు 18 సెంటీమీటర్లు దాటిందా, తోక మొదట్లో అడుగున ఉబ్బు కనబడుతోందా అని చూడాలి. ఎందరో పెళ్లికొడుకుల ఫోటోలు చూశాను గానీ అక్కడ చూడవలసి రావడం ఇదే మొదటిసారి. తెల్లటి రకమైతే కాలివేళ్ల కొనలు నల్లబడటం కూడా ఈడొచ్చిన గుర్తే. నలుపును యోగ్యతగా లెక్కించే పెళ్లిచూపులు ప్రపంచంలో ఇవొక్కటేనేమో.

వధువు సంగతి వేరు. ఏడాదికే గుడ్లు పెట్టగలదు, కొన్ని అంతకు ముందే పెడతాయి. అయినా 18 నెలలు ఆగమంటారు పెంచేవారు. ఒక్క కాన్పుకు వందల గుడ్లు, ఒక్కోసారి వెయ్యికి పైనే. అదంతా ఆమె ఒంట్లోంచి తీసిందే. ఎదుగుతున్న ఒళ్లు రెండు పనులూ చేయలేదు. వరుడు అంతకాలం ఆగనక్కర్లేదు. తోక ఆడిస్తూ కాసేపు నాట్యం చేసి, అడుగున రాళ్ల మీద నాలుగు వీర్యపు జిగురు ముద్దలు వదిలి పక్కకు తప్పుకుంటాడు. వాటిని ఏరుకోవడం కూడా ఆమె పనే. ఖర్చంతా ఆడపెళ్లివారిదే అన్న మాట ఇక్కడా నిలబడింది.

ఇక గోత్రం. 1864లో మెక్సికో నుంచి పారిస్‌కు 34 ఆక్సలాటల్‌లు వెళ్లాయి. అందులో ఆరు అగస్ట్ డ్యూమెరిల్ అనే జంతుశాస్త్రవేత్త చేతికి వచ్చాయి. ఆ ఆరింటిలో ఆడది ఒక్కటే. లోకంలోని తొట్లలో ఈదేవాటిలో చాలామటుకు ఆ తరం సంతానమే. మావాడి జంటను ఒకే దుకాణంలో, ఒకే రోజు కొన్నాడని తేలింది. సగోత్రమేమిటి, తోబుట్టువులే కావచ్చు!

పిల్లల విషయం చెప్పి భయపెట్టాను. బతికున్న చిన్న రొయ్యపిల్లలనే తింటాయి, అవి చాలకపోతే పక్కవాడి కాలు కొరుకుతాయి. కాలు మళ్లీ మొలుస్తుంది. మన అన్నదమ్ముల పంపకాల్లో పోయిన గట్టు మొలవదు, అదొక్కటే తేడా. ఇన్నింటిని ఏం చేస్తావంటే, "పుట్టింట్లో వదిలేస్తే?" అన్నాడు. పుట్టిల్లంటే మెక్సికో నగరం పక్కన సోచిమిల్కో కాలువలు. అక్కడ 1998లో చదరపు కిలోమీటరుకు ఆరువేలున్నవి 2014 నాటికి 36కు వచ్చాయి. నీళ్లు చెడ్డాయి, తెచ్చి వదిలిన తిలాపియా, కార్ప్ చేపలు గుడ్లను తినేశాయి. 2021లో యాభై పెసోల నోటు మీద మాత్రం బొమ్మ వేశారు. దుకాణం సరుకును, దాని రోగాలతో సహా, తీసుకెళ్లి అక్కడ కలిపితే మిగిలిన ఆ కాసిన్ని కూడా దక్కవు.

తీర్పిచ్చాను: పది నెలల ఆషాఢం. వేరే తొట్టె కొని ఆడదాన్ని అందులో పెట్టు. "శనివారం కొంటాను మామయ్యా" అన్నాడు. గురువారం తొట్టెలో చల్లటి నీళ్లు మార్చాడు. చల్లదనం తగిలితే వీటికి ముహూర్తం వచ్చినట్టేనని నేను చెప్పడం మరిచాను.

ఆదివారం అక్క వీడియోలో వాడి వంటగది సోదా చేస్తోంది. నన్నూ కలిపారు. పంపిన గోంగూర పచ్చడి ఎక్కడుందో చూపించమంటే ఫ్రీజర్ తెరిచాడు. పచ్చడి పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా. తెల్లటి జిగురులో నల్లటి చుక్కలు, మంచుకట్టి ఉన్నాయి.

"సబ్జా గింజలు నానబెట్టి ఫ్రీజర్‌లో ఎందుకు పెట్టావురా?" అంది అక్క.