ఫోర్క్ ఆయిల్ సీల్ గారికి ఒక జిడ్డు ఉత్తరం

మహారాజశ్రీ కుడివైపు ఆయిల్ సీల్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని రాయాలనే ఉంది గానీ, ఇక్కడ నా నడుం కుశలంగా లేదు. దానికి కారకులు తమరే.

తమరు ఏడుస్తున్నారని నాకు ఏడాదిగా తెలుసు. మోటార్‌సైకిల్ ముందు చక్రాన్ని పట్టుకుని, గతుకులకి కుంగి లేచే రెండు కాళ్లే ఫోర్క్. అందులో ఆయిల్ బయటికి రాకుండా ఆపడం తమరి ఉద్యోగం. బండి తుడిచినప్పుడల్లా ఆ ఫోర్క్ ట్యూబ్ చుట్టూ జిడ్డు ఉంగరం ఒకటి కనిపించేది. 'చెమ్మేలే, కారడం కాదుగా' అనుకుని గుడ్డతో తుడిచేసేవాణ్ణి. చివరికి తమరి కన్నీరు, ప్యాడ్లతో డిస్క్‌ని నొక్కే బ్రేక్ క్యాలిపర్ దాకా జారింది. ఆయిల్ తాగిన ప్యాడ్లతో 300 కిలోల పైచిలుకు టూరింగ్ బండిని ఆపడం అంటే బతిమాలుకోవడమే. ఇక తప్పలేదు, పానాలు తీశాను.

తమరి వంశం పాతదే. 1935లో బీఎండబ్ల్యూ వాళ్లు ఆర్ 12కి హైడ్రాలిక్ టెలిస్కోపిక్ ఫోర్క్ పెట్టి అమ్మారు. ఫోర్క్‌లో ఆయిల్ పోశాక దాన్ని కాపలా కాసేవాడొకడు ఉండాలి కదా. ఇంతా చేసి తమరు పిడికిట్లో పట్టే రబ్బరు చుట్ట. దర్శనం కావాలంటే మాత్రం ఫెయిరింగ్, క్యాలిపర్లు, చక్రం, మడ్‌గార్డ్ అన్నీ పక్కకి తప్పుకోవాలి. పెద్ద పెద్ద అధికారులకి కూడా ఇంత హంగు ఉండదు.

ఫోర్క్‌ని బండికి పట్టి ఉంచే క్లాంప్‌లు రెండు. పై క్లాంప్ బోల్టు వదులు చేసి, కింది క్లాంప్ ఇంకా పట్టి ఉండగానే ఫోర్క్ మీది మూత, అదే టాప్ క్యాప్‌ని కాస్త కదిలించి పెట్టుకోవాలి. ఈ సంగతి నాకు ఫోర్క్ మొత్తం ఊడి చేతిలోకి వచ్చాక గుర్తొచ్చింది. గుడ్డ చుట్టి, మోకాళ్ల మధ్య ఇరికించి పానా వేసి తిప్పితే క్యాప్ తిరగలేదు, నేను తిరిగాను. మళ్లీ క్లాంప్‌లోకి దూర్చాల్సి వచ్చింది. అడుగు బోల్టు ఇంకో ఘనుడు. దాన్ని తిప్పితే, అది పట్టుకునే లోపలి కడ్డీ, అదే డాంపర్ రాడ్ కూడా దానితోపాటే తిరుగుతుంది. తీసిన స్ప్రింగ్‌ని మళ్లీ లోపల వేసి, ఫోర్క్‌ని గట్టిగా నొక్కిపట్టి తిప్పితే గానీ వదల్లేదు. లోపలి నుంచి బూడిదరంగు ద్రవం వచ్చింది. ఒకప్పుడు అది ఆయిల్. చచ్చిన ఎలుక వాసన. ఎప్పుడు మార్చానో గుర్తు చేసుకోబోయి, వద్దులే అని మానేశాను.

తమరిని కదలకుండా పట్టి ఉంచే తీగ రింగు, అదే సర్క్లిప్ తీసి, ట్యూబ్‌ని పట్టుకుని ఒక్క గుంజు. టక్. ఇంకో గుంజు. టక్. ఏడోసారికి తమరు బుష్‌తో, వాషర్‌తో సపరివారంగా విచ్చేశారు.

కడిగిపారేద్దామని తమరిని వెలుతురులో తిప్పి చూశాను. పెదవి మీద సన్నటి కోత. ట్యూబ్ మీద గోరు నడిపితే ఒకచోట ఆగింది. క్రోమ్ లేచి, ఆవగింజంత కూడా లేని తుప్పు చుక్క. ఫోర్క్ కుంగి లేచిన ప్రతిసారీ ఆ చుక్క తమరి పెదవిని గీరుతూనే ఉంది. వానలో తడిసిన బండిని అలాగే వదిలేసింది ఎవరయ్యా అంటే... ఆ విషయం ఇక్కడ అప్రస్తుతం.

చుక్కని సన్న ఎమరీ కాగితంతో నున్నగా చేశాను. ట్యూబ్ అంచుకి ప్లాస్టిక్ కవరు ముక్క చుట్టి, ఆయిల్ రాసి, తమరి వారసుణ్ణి దించి, పైపు ముక్కతో తట్టి కూర్చోబెట్టాను. పట్టాభిషేకం పూర్తయింది అనుకుని పైన దుమ్ము ఆపే డస్ట్ సీల్ కూడా దిగ్గొట్టాక చూస్తే, సర్క్లిప్ బల్ల మీద మెరుస్తోంది. డస్ట్ సీల్ మళ్లీ పైకి. ఆయిల్ సంగతి సరేసరి. స్ప్రింగ్ లేకుండా, ఫోర్క్ పూర్తిగా నొక్కి, పై అంచు నుంచి ఆయిల్ దాకా ఖాళీ ఎంతుందో స్కేలుతో కొలవాలట. రెండు కాళ్లలో సమానంగా వచ్చేసరికి చీకటి పడింది.

అన్నట్టు, తమరి ఏడుపు పుణ్యమా అని ఇంకొకరి గుట్టు కూడా బయటపడింది. చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్ తిప్పితే సరిగ్గా మధ్యలో టిక్కుమని ఆగింది. హ్యాండిల్ తిరిగే బేరింగ్, అదే కోన్‌సెట్‌లో బాల్స్ ఏళ్ల తరబడి ఒకేచోట దెబ్బలు తిని గుంటలు పెట్టాయి. బండి ఎంత తిన్నగా పోతుందో చూడండి అని నేను నలుగురికీ గొప్పలు చెప్పింది ఆ గుంటల గురించన్నమాట. వారికి వేరే ఉత్తరం రాస్తాను.

కొత్త ప్యాడ్లు వేసి, చక్రం ఎక్కించి, బ్రేకు పట్టి ఫోర్క్‌ని నాలుగైదుసార్లు కుదిపాను. రెండు కాళ్లూ సర్దుకున్నాక యాక్సిల్ బోల్టులు బిగించాను. ట్యూబ్ తుడిచి చూస్తే సన్నటి జిడ్డు గీత. నేను రాసిన ఆయిలేనా, లేక తమరి వారసుడు మొదటి రోజే మొదలుపెట్టాడా? మళ్లీ తుడిచాను. పొద్దున చూస్తాను.

ఇట్లు,
తమరి ట్యూబ్ యజమాని

తా.క.: ఎడమవైపు తమరి తమ్ముడు చుక్క కూడా కార్చలేదు. జతగా మార్చాలి కాబట్టి వారినీ పంపేశాను. కారణం చెప్పలేదు.