తల గోరంత, తోక కొండంత

గనుల శాస్త్రంలో నాకు బాగా నచ్చిన గుణం ఒకటుంది. ఏ వస్తువుకైనా అదేమిటో చూసి పేరు పెట్టదు, తనకెంత అడ్డమో చూసి పెడుతుంది.

బొగ్గు పొర మీద ఉన్నదంతా ఓవర్‌బర్డెన్. కోల్‌బెల్టులో ముద్దుపేరు ఓబీ. బర్డెన్ అంటే భారం. ఎవరికి? పాపం, బొగ్గుకి! నిన్నటిదాకా పత్తి పండిన నల్లరేగడి, దాని కింద కంకర, ఇసుకరాయి అన్నీ ఒక్క పూటలో భారమైపోతాయి. (పైమట్టిని విడిగా దాచాలని రూలుంది లెండి.) టన్ను బొగ్గుకి ఎన్ని క్యూబిక్ మీటర్ల భారం ఎత్తిపొయ్యాలో చెప్పే లెక్క పేరు స్ట్రిప్పింగ్ రేషియో. పోసిందంతా గుట్టవుతుంది. గోదావరిఖని వైపు బస్సులో వెళ్తుంటే మెట్లు మెట్లుగా, నెత్తి చదునుగా కనిపించే గుట్టలు అవే. ఏ నరసింహస్వామీ వాటి మీద ఇంకా వెలవలేదు.

పదో తరగతిలో ప్లవన ప్రక్రియ బట్టీ పట్టాం కదా. సీసం, జింకు కలిసున్న ధాతువును మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, గాలి ఊది నురగ రేపుతారు. అందులో వేసే మందుల పేర్లు వినండి: కలెక్టర్, డిప్రెసెంట్, యాక్టివేటర్. కలెక్టర్ అంటుకున్న ఖనిజానికి నీళ్లంటే పడదు, బుడగను పట్టుకుని పైకి తేలిపోతుంది. సోడియం సయనైడ్ డిప్రెసెంట్ జింకును అడుగునే అణిచి ఉంచుతుంది. సీసం వెళ్లిపోయాక మైలుతుత్తం వేసి, ఇక లెమ్మని జింకును తట్టి లేపుతారు. ఆఫీసుల్లో ప్రమోషన్ల సీజను చూసినవాళ్లకి ఈ పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా గొప్ప పేరు టెయిలింగ్స్, అంటే తోకలు. కడప జిల్లా తుమ్మలపల్లెలో టన్ను రాయి తవ్వితే అందులో యురేనియం అరకిలో కూడా ఉండదు. ఆ కాస్తా లాగేశాక మిగిలిన రాతిపిండి మొత్తం తోకే. ఇలాంటి జంతువును ఏ పురాణమూ వర్ణించలేదు. హనుమంతుడి తోక కూడా దీని ముందు బల్లి తోకే. దాన్ని చుట్టచుట్టి పడుకోబెట్టేచోటు టెయిలింగ్ పాండ్. పాండ్ అన్నారు కదా అని తూము కోసం, బట్టలుతికే బండ కోసం వెతక్కండి. చెరువులో ఉండాల్సినవాటిలో కట్ట ఒక్కటే ఉంటుంది.

ఈ భాష జనానికి నేర్పకపోతే ఎంత గందరగోళమో చూడండి. మా దూరపు బంధువు ఒకాయన, రెండెకరాల రైతు, గని మ్యాపులో తన సర్వే నంబరు వెతుక్కున్నాడు. దాని చుట్టూ ఎర్రగీత, మధ్యలో 'ఓబీ' అని రెండక్షరాలు. పాసుబుక్కు జిరాక్సు మడిచి జేబులో పెట్టుకుని నేరుగా ఆఫీసుకెళ్లి అడిగాడట:

"సారూ, ఈ ఓబీ అనేటాయన ఎవరు? నా పొలం ఆయన పేరు మీద ఎప్పుడెక్కింది?"