గ్యాస్ బావికి ఊరిని అడగక్కర్లేదా? ఆ వాట్సాప్ మెసేజ్‌లో నిజమెంత

కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఒక మెసేజ్ సారాంశం ఇది: "చమురు, గ్యాస్ బావులకు ప్రజాభిప్రాయ సేకరణను 2020లోనే ఎత్తేశారు. భూమి కింద ఉన్నదంతా కేంద్రానిది, రాష్ట్రానికే దిక్కు లేదు. ఒకవేళ మీటింగ్ పెట్టినా అదొక నాటకం. ఊరంతా వద్దంటేనే బావి ఆగుతుంది, లేకపోతే వెళ్లడం దండగ."

1995లో పాశర్లపూడి బావి 65 రోజుల పాటు మండిన ప్రాంతమిది. ఇక్కడివాళ్లకు కోపం ఎందుకని అడగక్కర్లేదు. కానీ ఈ మెసేజ్ నమ్మి జనం ఇంట్లో కూర్చుంటే లాభం కంపెనీకే.

ముందు 2020 సంగతి. ఆ ఏడాది రెండు వేర్వేరు పనులు జరిగాయి, మెసేజ్ రాసినవారు రెంటినీ కలిపేశారు. జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌ను సవరించి, గ్యాస్ ఉందో లేదో చూసే అన్వేషణను మాత్రమే 'బీ2' వర్గంలోకి మార్చింది. బీ2 అంటే ఈఐఏ నివేదిక ఉండదు, ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు, పర్యావరణ అనుమతి మాత్రం కావాలి. గ్యాస్ దొరికి ఉత్పత్తికి దిగాలంటే అది 'ఏ' వర్గం, నివేదికా, ప్రజాభిప్రాయ సభా రెండూ తప్పనిసరి. నన్నడిగితే ఆ సవరణ చెడ్డదే, అన్వేషణ బావి మాత్రం అదుపు తప్పి ఎగదన్నదా (బ్లోఅవుట్)? అయినా చెడ్డ సవరణ వేరు, మొత్తం రద్దు వేరు. రెండోది ఆ మార్చి నాటి ఈఐఏ ముసాయిదా. సభ నోటీసును 30 రోజుల నుంచి 20కి కుదించాలన్నది అందులోని ప్రతిపాదన. అది ముసాయిదాగానే ఉండిపోయింది.

"అంతా కేంద్రానిదే" అన్నది సముద్రంలో బావులకు సరిపోతుంది. నేల మీద లీజు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే, కేంద్రం ముందస్తు ఆమోదంతో. రాయల్టీ కూడా రాష్ట్రానికే వస్తుంది. కాబట్టి అమరావతిని అడగాల్సిన ప్రశ్నలు చాలానే ఉన్నాయి.

ఇక నాటకం మాట. టెంటూ, పోలీసులూ, ముందే సిద్ధం చేసిన ప్రసంగాలూ చూసినవారికి అలా అనిపించడం సహజం. కానీ రూల్స్ ప్రకారం కలెక్టర్ గానీ ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. సభ మొత్తం వీడియో తీయాలి. చివర్లో మినిట్స్ (సభలో ఎవరేమన్నారో రాసిన రికార్డు) తెలుగులో చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. లేచిన ముఖ్యమైన పర్యావరణ అభ్యంతరాలకు కంపెనీ జవాబిచ్చి, నివేదికను ఆ మేరకు మార్చాలి. 2009లో గోవా గనుల కేసులో ఢిల్లీ హైకోర్టు ఇంకో మెట్టు పైకి వెళ్లింది: సభలో వచ్చిన అభ్యంతరాలను ఎందుకు కాదంటున్నారో అనుమతిపై సలహా ఇచ్చే నిపుణుల కమిటీ కారణాలు చెప్పాలంది. అనుమతి వచ్చాక హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లేవారు మొదట తీసి చూపించేది ఆ మినిట్సే. ట్రైబ్యునల్‌లో అప్పీలు గడువు 30 రోజులు, సరైన కారణం ఉంటే మరో 60. సభకు రాలేనివారు రాతపూర్వకంగా పంపినా లెక్కలోకి వస్తుంది. నోరెత్తకుండా వచ్చేసిన సభకు మాత్రం మినిట్స్‌లో ఏమీ మిగలదు.

"ఊరంతా వద్దంటేనే" అన్నదీ తప్పే. ఇది ఓటింగ్ కాదు, కనీసం ఇంతమంది రావాలన్న కోరం కూడా సభకు లేదు. ఒడిశాలోని నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు బాక్సైట్ గనిని తిరస్కరించాయి కదా అంటారు. అది అటవీ హక్కుల చట్టం కింద, సుప్రీంకోర్టు ఆదేశంతో జరిగింది. గ్యాస్ బావి ప్రజాభిప్రాయ సభలో పది మంది మౌనంగా చెయ్యెత్తడం కన్నా, మా చెరువు బావికి ఇంత దూరంలో ఉంది, నివేదికలో దాని ఊసే లేదు అని ఒక్కరు చెబితే బలం ఎక్కువ.

మెసేజ్‌లో లేనిది ఒకటుంది. 2014లో కోనసీమలోని నగరం అనే గ్రామంలో పేలింది బావి కాదు, గ్యాస్ పైప్‌లైన్. అభయారణ్యాల్లాంటి చోట్ల నుంచి వెళ్తే తప్ప పైప్‌లైన్లకు ఈ ప్రజాభిప్రాయ సేకరణ వర్తించదు. వాటికి 1962 నాటి చట్టం ఉంది: గెజిట్ నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లోగా భూమితో సంబంధం ఉన్నవారు అభ్యంతరం రాసివ్వాలి.