ముందు వరుసలో అదనపు కుర్చీ

ఎన్నికలు దగ్గరపడితే చాలు, చర్చిలో ముందు వరుసకు ఒక కుర్చీ అదనంగా చేరుతుంది. అందులో కూర్చునే మనిషి మిగతా ఏడాదంతా ఆ గడప తొక్కి ఉండడు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తల వంచాలో తెలియక పక్కవాళ్ళను ఓరగా చూస్తుంటాడు. చివర్లో పాస్టరుగారు ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. సాయంత్రానికల్లా ఆ ఫొటో అందరి ఫోన్లలోకీ చేరుతుంది. ఆరాధన మానని మనిషిగానే చెబుతున్నాను, ఆ కుర్చీ కనబడితే ఆ రోజు నాకు ఒక్క వాక్యం కూడా చెవికెక్కదు.

అలాగని "చర్చికి రాజకీయాలు ఎందుకు?" అనేవాళ్ళ జట్టు కాదు నేను. నిజం చెప్పాలంటే వాళ్ళ మీద నాకు ఇంకా ఎక్కువ కోపం. అవసరమైనప్పుడు తీసి వాడుకుని, తీరిపోగానే అటకెక్కించే మాట అది. అమెరికాలో జెర్రీ ఫాల్వెల్ అనే బాప్టిస్టు పాస్టరు 1965 మార్చిలో ఒక ప్రసంగం చేశాడు. బోధకుల పని ఆత్మలను రక్షించడమే తప్ప రాజకీయాలు నడపడం కాదన్నది దాని సారాంశం. వినడానికి ఎంత భక్తిగా ఉంది! కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే నల్లజాతివాళ్ళ ఓటు హక్కు కోసం మార్టిన్ లూథర్ కింగ్ అలబామా రాష్ట్రంలోని సెల్మా నుంచి మాంట్‌గోమరీకి నడుస్తున్నాడు. ఆయనా బాప్టిస్టు పాస్టరే. పద్నాలుగేళ్ళు గడిచాయి. 1979లో అదే ఫాల్వెల్ 'మోరల్ మెజారిటీ' అనే సంస్థ పెట్టి, మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో రీగన్ గెలుపు కోసం ఊరూరా ఓటర్లను కూడగట్టాడు. పాత ప్రసంగం తప్పని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు, కాదనను. ఆ ఒప్పుకోలు వచ్చేసరికి సెల్మా నుంచి నడిచినవాళ్ళ కాళ్ళ బొబ్బలు ఎప్పుడో మానిపోయాయి.

రోమా చక్రవర్తి కైసరుకు పన్ను కట్టవచ్చా అని యేసును ఇరుకున పెట్టబోయిన కథ అందరికీ తెలుసు. కైసరువి కైసరుకు, దేవునివి దేవునికి అన్న జవాబు మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్క లేదు. అందులో ఒక చిన్న సంగతి మాత్రం చాలా ఏళ్ళు నా కంటపడలేదు. ఆ పన్ను కట్టే నాణెం, దేనారము, ఆయన దగ్గర లేదు. చూపించమన్నాడు, అడగవచ్చినవాళ్ళే తెచ్చి చూపించారు. మొదటి మూడు వందల ఏళ్ళు చర్చి పరిస్థితి కూడా ఇంచుమించు అదే, చేతిలో కైసరు నాణెం లేదు. 313లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆ మతానికి స్వేచ్ఛ ఇచ్చాడు. 380లో మరో చక్రవర్తి థియొడోసియస్ దాన్ని రాజ్యమతం చేశాడు. ఆ తర్వాత అయిదేళ్ళు తిరిగేసరికి ప్రిసిలియన్ అనే బిషప్పుకు చక్రవర్తి న్యాయస్థానం మరణశిక్ష వేసింది. ఆయన మీద అక్కడ ఫిర్యాదు చేసినవాళ్ళు తోటి బిషప్పులే. సింహాల బోనులో నుంచి సింహాసనం పక్కకు చేరాక కొత్త అలవాట్లు పట్టుబడటానికి ఎంతో కాలం పట్టలేదన్నమాట.

సరే, పాత కథలు వదిలేద్దాం. "జనం దేవుణ్ణి మరిచిపోతున్నారు, చదువులు పాడు చేశాయి, ఫోన్లు పాడు చేశాయి" అని వేదిక మీద నుంచి వాపోయే పెద్దలందరినీ ఒక్కసారి ఐర్లండ్ వైపు చూడమంటాను. 1937 నాటి ఆ దేశ రాజ్యాంగం క్యాథలిక్ చర్చికి ప్రత్యేక స్థానం ఉందని రాసుకుంది. ప్రజలు ఓటు వేసి ఆ వాక్యాన్ని తీసేసింది 1972లో. అప్పటికీ భక్తి ఏమీ తగ్గలేదు. 1979లో పోపు రెండో జాన్ పాల్ వస్తే డబ్లిన్‌లోని ఫీనిక్స్ పార్కుకు పది లక్షల మందికి పైగా వచ్చారు. 2018లో పోపు ఫ్రాన్సిస్ అదే పార్కులో పూజ చేసినప్పుడు వచ్చినవాళ్ళు సుమారు లక్షన్నర. ఈ నడుమ ఏం జరిగింది?

జరిగింది ఏమిటంటే, తలుపులు తెరుచుకున్నాయి. దిక్కులేని పిల్లలను, పేద పిల్లలను ప్రభుత్వం మఠాలు నడిపే పారిశ్రామిక పాఠశాలలకు పంపేది, ఖర్చూ ఇచ్చేది, తర్వాత అటువైపు సరిగ్గా తొంగి చూసేది కాదు. ఆ పిల్లలను ఎలా కొట్టారో, ఏమేం చేశారో 2009లో వచ్చిన ప్రభుత్వ విచారణ సంఘం నివేదిక, ర్యాన్ నివేదిక, సంపుటాలకు సంపుటాలు రాసింది. నన్ను ఆపేసింది అందులోని క్రూరత్వం ఒక్కటే కాదు. తనిఖీ చేయవలసిన విద్యాశాఖ ఆ మఠాల ముందు చేతులు కట్టుకుని నిలబడిందని ఆ నివేదిక తేల్చింది. అధికారి వెళ్ళి ఫాదరుగారిని నిలదీయాలి, ఆదివారం మోకాళ్ళ మీద కూర్చునేదీ ఆయన ముందే. ఇక ఏం అడుగుతాడు? పెళ్ళి కాకుండా తల్లులైనవాళ్ళనీ, ఇంట్లోవాళ్ళకు బరువైన ఆడపిల్లలనీ సన్యాసినులు నడిపే మాగ్దలీన్ లాండ్రీలలో పెట్టి జీతం లేకుండా బట్టలు ఉతికించారు. సర్కారు కార్యాలయాల బట్టలు కూడా అక్కడికి ఉతుక్కి వెళ్ళాయి. 2013లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో నిలబడి ఆ స్త్రీలను క్షమాపణ అడిగాడు. ఐర్లండ్‌లో చర్చిని ఏ నాస్తికుడూ వచ్చి ఖాళీ చేయించలేదు. చర్చి, రాజ్యం ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటుంటే నడుమ నలిగినవాళ్ళు పెద్దవాళ్ళై నోరు విప్పారు.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు దృశ్యం. కమ్యూనిస్టుల పాలనలో ఉన్న తూర్పు జర్మనీలో 1980ల మొదట్లో చర్చి కుర్రవాళ్ళు చొక్కాల మీద ఒక గుడ్డ బిళ్ళ కుట్టుకునేవారు. ఖడ్గాన్ని నాగటి నక్కుగా సాగగొడుతున్న మనిషి బొమ్మ, యెషయా గ్రంథంలోని మాట. తమాషా ఏమిటంటే ఆ బొమ్మకు మూలమైన విగ్రహాన్ని ఐక్యరాజ్యసమితికి కానుకగా ఇచ్చింది ఆ ప్రభుత్వానికి పెద్దన్న సోవియట్ యూనియనే. అయినా పోలీసులు ఆ బిళ్ళలను ఊడబీకించారు. లైప్‌జిగ్‌లోని నికొలాయ్ చర్చిలో సోమవారం ప్రార్థనలు సాగుతూనే ఉన్నాయి. 1989 అక్టోబరు 9న పాలక కమ్యూనిస్టు పార్టీ తన మనుషులను ముందే పంపి బల్లలు నింపింది. పాపం, వాళ్ళు ప్రార్థనంతా కూర్చుని వినవలసి వచ్చింది. ఆ సాయంత్రం వీధుల్లోకి డెబ్బై వేల మంది వచ్చారు, చాలామంది చేతుల్లో కొవ్వొత్తులు. గాలికి కొవ్వొత్తి ఆరకుండా ఉండాలంటే రెండో చెయ్యి అడ్డం పెట్టాలి, ఇక రాయి పట్టుకోవడానికి చెయ్యి ఎక్కడిది? తుపాకులు పేలలేదు. నెల తిరగ్గానే బెర్లిన్ గోడ తెరుచుకుంది.

అదే యెషయా మాటను తలకిందులు చేసి చూడాలంటే మాస్కో శివార్లకు వెళ్ళాలి. 2020లో అక్కడ సైన్యం కోసం కట్టిన కెథడ్రల్ మెట్లలో రెండో ప్రపంచ యుద్ధంలో చేజిక్కిన జర్మన్ ఆయుధాల లోహాన్ని కరిగించి పోశారు. ఖడ్గం నాగలి కాలేదు, గుడిమెట్టు అయింది. రెండేళ్ళకు ఉక్రెయిన్ యుద్ధం. సైనిక విధిలో ప్రాణం ఇస్తే పాపాలన్నీ కడుక్కుపోతాయని రష్యా ఆర్థడాక్స్ చర్చి అధిపతి పేట్రియార్క్ కిరిల్ ప్రసంగించాడు. దీన్ని మాత్రం "చర్చికి రాజకీయాలు ఎందుకు" జట్టు రాజకీయం అనదు. రాజు వైపు నిలబడితే భక్తి, ఎదురు నిలబడితే రాజకీయం, అంతే కదా లెక్క?

ఒక ఇబ్బందికరమైన సంగతి కూడా చెప్పాలి, దాచడం న్యాయం కాదు. అంత పని చేసిన తూర్పు జర్మనీ చర్చిలు కూడా ఆ తర్వాత నిండలేదు. మతం లేదనేవాళ్ళు ప్రపంచంలోనే ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో అదొకటి. అంటే మంచి పని చేస్తే బల్లలు నిండుతాయని నేను ఎవరికీ హామీ ఇవ్వలేను. వాళ్ళు బల్లలు లెక్కపెట్టుకుంటూ ఆ పని చేయలేదు, నాకు నచ్చిందీ అదే.

ఆ అదనపు కుర్చీ గురించి ఒకసారి ఒక పాస్టరుగారిని అడిగాను. "అయ్యగారూ, ఈయన మన దగ్గరకు ఎందుకు?" అని. ఆయన కోపగించుకోలేదు. "నీకేం బాబూ, అడుగుతావు. ఆయన కదిపితే తప్ప మన స్థలం కాగితాలు కదలవు. రేపు ఎవరైనా వచ్చి గోడ పడగొడితే ఎవరి దగ్గరకు పరుగెత్తాలి?" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది. భయంలో ఉన్నవాడికి కాన్‌స్టంటైన్ కథ చెప్పి ఏం లాభం?

కాగితాలు కదిలాయి. ప్రహరీ కూడా లేచింది. మరుసటి ఏడాది ఆ నాయకుడి మనుషులే కాలువ గట్టు మీది గుడిసెలు తీయించారు. వాటిలో మా సంఘస్థులవి పదకొండు. ఆ ఆదివారం ప్రసంగం ఓర్పు మీద. పాస్టరుగారు ఒక్కసారి కూడా తలెత్తి వాళ్ళు కూర్చున్న వైపు చూడలేదు. ముందు వరుసలో కుర్చీ లేదు, ఎన్నికలు అయిపోయాయి కదా.