సవరణ: కొకుల్లో పాముల జాతర
ఇటలీలోని కొకుల్లో అనే కొండ ఊళ్లో, సాన్ డొమెనికో అనే క్రైస్తవ సాధువు విగ్రహానికి పాములు చుట్టి ఊరేగిస్తారని మొన్న రాశాను కదా. అందులో "మే మొదటి గురువారం, కోరలు పీకిన విషసర్పాలతో" అన్న ముక్క ఇలా మార్చి చదవండి. గురువారం అన్నది పాత పద్ధతి. 2012 నుంచి మే 1నే చేస్తున్నారు. ఇక పాములంటారా, పీకడానికి వాటికి విషపు కోరలుంటేగా! మన జెర్రిపోతు లాంటి విషం లేని రకాలే. మార్చి చివర్లో మొదలుపెట్టి కొండల్లో పట్టుకొస్తారు, పండగయ్యాక పట్టినచోటే వదిలేస్తారు. విగ్రహం మెడ మీదా భుజాల మీదా అవి మెలికలు తిరుగుతుంటే పిల్లలు కూడా చెయ్యి వేసి నిమురుతారు.

చర్చిలో గంట గొలుసును పళ్లతో లాగితే పంటినొప్పి రాదని నమ్మకం అన్నది మాత్రం మార్చక్కర్లేదు. ఆ సాధువు పన్నొకటి అక్కడే భద్రపరిచారు మరి.