పూలకుండీల కంటే ముందు పొగగొట్టం

న్యూజెర్సీలో మేముండే చిన్న పట్టణంలో, మెయిన్ స్ట్రీట్ మీద ఒక చెప్పుల దుకాణం మూతపడి నాలుగేళ్లవుతోంది. రెండంతస్తుల పాత ఇటుక భవనం. కింద కొట్టు, పైన రెండు అద్దె వాటాలు. అద్దాలకు లోపలి నుంచి గోధుమరంగు కాగితం అంటించి ఉంటుంది. ఆ వీధిలో అలా కాగితం అంటించిన కొట్లు ఇప్పుడు ఐదున్నాయి. రాత్రి ఏడు దాటితే పిజ్జా కొట్టులో దీపం తప్ప వీధంతా చీకటే.

ఊరివాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. దీపస్తంభాలకు జెండాలు కట్టారు, కొత్త బెంచీలు వేశారు, చలి తగ్గగానే వీధి పొడవునా పూలకుండీలు పెడతారు. బాగుంటాయి, నాకూ ఇష్టమే. కానీ కౌన్సిల్ మీటింగ్‌కి ఎప్పుడు వెళ్లినా ఎవరో ఒకరు లేచి అదే ప్రశ్న అడుగుతారు: "మన వీధికి మంచి రెస్టారెంట్లు ఎప్పుడొస్తాయి?" ఆ కోరికలో న్యాయం ఉంది. చెప్పులు, బట్టలు, పుస్తకాలు ఇప్పుడు అందరూ ఫోన్‌లో కొంటున్నారు. నలుగురు కలిసి కూర్చుని వేడిగా తినాలంటే మాత్రం మనిషి ఇల్లు వదిలి రావాలి. వచ్చినవాళ్లు తిన్నాక కాసేపు నడుస్తారు, పక్క కొట్టు అద్దంలోకి చూస్తారు. వీధికి కావలసింది అదే.

రెండేళ్ల కిందట ఆ చెప్పుల కొట్టు కోసం నిజంగానే ఒక జంట వచ్చింది. గుడివాడ వైపు వాళ్లు. ఆయనకు హోటల్ పని చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆవిడ వేసిన పెసరట్టు ఒకసారి తిన్నవాళ్లు ఫోన్ చేసి మరీ మళ్లీ ఎప్పుడని అడుగుతారు. అప్పటికి కొన్నేళ్లుగా గంటల లెక్కన కిచెన్ అద్దెకు తీసుకుని కేటరింగ్ చేస్తున్నారు. "అన్నా, హైవే పక్కన ఇంకో షాపింగ్ ప్లాజాలో పెట్టాలని లేదు. జనం నడిచొచ్చే చోట, మనూళ్లో బజారు వీధిలాంటి చోట పెట్టాలని ఉంది" అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో. నేనే దగ్గరుండి భవనం యజమాని దగ్గరికి తీసుకెళ్లాను.

తొమ్మిది నెలలు తిరిగారు. ఆర్కిటెక్ట్ గీసిన ప్లాన్ మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఒక శాఖ సరేనన్నదాన్ని ఇంకో శాఖ కాదంది. ఆ టెన్షన్‌లో ఆవిడ ఆరోగ్యం కూడా దెబ్బతింది. ఒక రాత్రి ఆయన ఫోన్ చేసి, "పొయ్యి కంటే పొగగొట్టానికే ఎక్కువవుతోందన్నా, ఇక నావల్ల కాదు" అన్నాడు. ఇప్పుడు వాళ్లు పాతిక మైళ్ల దూరంలో, హైవే పక్కన ప్లాజాలో ఉన్నారు. అక్కడ అంతకుముందు ఒక చైనీస్ టేకౌట్ నడిచింది. పొయ్యి మీది పొగను లాగే హుడ్ ముందే ఉంది, నూనె జిడ్డును పట్టే గ్రీజ్ ట్రాప్ ముందే ఉంది. ఆరు వారాల్లో తలుపులు తెరిచారు.

ఆ తేడా ఎందుకు వచ్చిందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ చర్చ జరిగే చోట్ల వంటగది గురించి మాట్లాడేవాళ్లు నాకు కనపడలేదు. ఇడ్లీ ఆవిరికి పెద్ద హుడ్ అక్కర్లేదు, అందులో నూనె ఉండదు. అదే దోసె పెనం పెట్టినా, బాండీలో గారె వేసినా నూనె పొగ వస్తుంది. దానికి మంటలార్పే ఏర్పాటుతో కూడిన పెద్ద ఎగ్జాస్ట్ హుడ్ తప్పనిసరి. ఆ హుడ్ నుంచి అతుకులన్నీ వెల్డింగ్ చేసిన ఉక్కు గొట్టం భవనం పైకప్పు దాకా వెళ్లాలి. ప్లాజాలో అయితే ఒకటే అంతస్తు, తల మీదే కప్పు. మెయిన్ స్ట్రీట్ భవనంలో పైన మనుషులు కాపురముంటారు. గొట్టం వాళ్ల వాటా గుండా పోవాలి, దాని చుట్టూ మంటకు తట్టుకునే గోడ కట్టాలి, అంటే పై వాటాలో కొంత జాగా పోతుంది. బయటికి ఎంత గాలి లాగుతామో అంత గాలి లోపలికి పంపే యంత్రం కూడా పెట్టాలి. నూనె మురుగు కాలువలోకి పోకుండా గ్రీజ్ ట్రాప్ కావాలి. చెప్పులమ్మిన చోటులో ఇవేవీ ఉండవు. ఒక్క ప్లేటు అమ్మకముందే ఆ జంట దాచుకున్న డబ్బంతా గోడల్లోకీ గొట్టాల్లోకీ పోయేలా ఉంది. పైగా ఆ గోడలు వాళ్లవి కూడా కావు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. ఊరి దగ్గర మెయిన్ స్ట్రీట్ కోసం ఎంత డబ్బున్నా, మొదట దాన్ని వంటగదికి పెట్టాలి. చాలా పట్టణాలు కొట్టు ముఖభాగానికి గ్రాంటు ఇస్తాయి. కొత్త బోర్డుకి, రంగుకి, కొట్టు ముందు ఎండకు కట్టే గుడ్డ పందిరికి ఇస్తాయి. కొట్టులోపల పొగగొట్టానికి మాత్రం ఇవ్వరు, అది వ్యాపారి సొంత ఖర్చు అంటారు. నేను ఒప్పుకోను. హోటల్ పెట్టినవాళ్లు నిలదొక్కుకోలేక రెండేళ్లలో వెళ్లిపోవచ్చు, ఈ వ్యాపారంలో అది మామూలే. బోర్డు వాళ్లతో పోతుంది. హుడ్, గొట్టం, గ్రీజ్ ట్రాప్ అక్కడే ఉంటాయి. తర్వాత వచ్చినవాళ్లు ఆరు వారాల్లో తెరుస్తారు, మా వాళ్లు ప్లాజాలో తెరిచినట్టే. వీధిలో మూడు భవనాలకు ఒక్కసారి ఆ ఏర్పాటు చేస్తే, చాలా ఏళ్ల పాటు అక్కడ ఎవరో ఒకరు వండుతూనే ఉంటారు. పూలకుండీల్లో మట్టి ప్రతి ఏడూ మార్చాలి.

భవనాల యజమానులకూ దారులున్నాయి. న్యూజెర్సీలో పాత భవనాల మరమ్మతు కోసం 1998 నుంచి రిహాబ్ సబ్‌కోడ్ అని విడిగా నియమావళి ఉంది. పాతదాన్ని కొత్త భవనంతో సమానంగా మార్చమని అది పట్టుబట్టదు. చారిత్రక భవనంగా ధ్రువీకరణ ఉండి, పన్ను లెక్కల్లో దానికి మిగిలిన విలువను మించి బాగుచేతకు పెడితే, అర్హమైన ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో తగ్గుతుంది, ఐదేళ్ల పాటు విడతలుగా. మన తెలుగువాళ్లలో ఇలాంటి భవనాలు పెట్టుబడిగా కొన్నవాళ్లు నాకే కొందరు తెలుసు. అద్దె పెంచడం గురించి ఆలోచించే ముందు దీని గురించి మీ పన్ను లెక్కలు చూసే సీపీఏని అడగండి.

ఇక రెండో అడ్డంకి, మద్యం లైసెన్సు. న్యూజెర్సీలో రెస్టారెంట్లో మద్యం పోయడానికి ఇచ్చే లైసెన్సులు 3,000 మంది జనాభాకు ఒకటి చొప్పునే ఉంటాయి. ఉన్నవి చేతులు మారితే చాలాచోట్ల లక్షల డాలర్లు పలుకుతాయి. అది లేకపోతే రెస్టారెంట్ నడవదని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాళ్లు ఒక్కసారి కాలింగ్స్‌వుడ్ వెళ్లి చూడాలి.

ఫిలడెల్ఫియాకి నది ఇవతల, 14 వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు అది. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల మూలాలున్న ఊరు, మద్యం అమ్మకానికి అనుమతి లేదు. 1961లో పక్కనే చెర్రీ హిల్ మాల్ తెరిచారు. చుట్టుపక్కల ఊళ్ల వీధుల్లాగే ఇక్కడి ప్రధాన వీధి హాడన్ అవెన్యూ కూడా కళ తప్పింది. ఈరోజు అదే వీధికి జనం పక్క ఊళ్ల నుంచి భోజనానికి వస్తారు. మద్యం అమ్మని రెస్టారెంట్లోకి బీరో వైనో మనమే తెచ్చుకోవడాన్ని రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుంది, ఊరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప. దానికి రెస్టారెంట్ ఫీజు వసూలు చేయకూడదు. లైసెన్సు కొనాల్సిన పని లేకపోవడంతో తక్కువ పెట్టుబడి ఉన్న వంటవాళ్లు సొంతంగా చిన్న చిన్న రెస్టారెంట్లు పెట్టుకోగలిగారు. వీధి వాళ్లతో నిండింది. శనివారాల్లో రైలు పట్టాల కింద రైతుల సంత జరుగుతుంది, అది 2000 నుంచి నడుస్తోంది. ఫిలడెల్ఫియాకి వెళ్లే రైలు ఊళ్లో ఆగుతుంది, ఇళ్ల నుంచి వీధికి నడిచి రావచ్చు. రైలు లేని మా ఊరికి అంతటి ఫలితం రాదని నాకు తెలుసు. అందులో సగం వచ్చినా నాకు చాలు.

ఇలాంటి వీధి మనకోసమే ఉన్నట్టు నాకనిపిస్తుంది. మన తిండి మద్యం మీద ఆధారపడింది కాదు. టిఫిన్ హోటల్‌కి కావలసింది పొద్దున్నే లేచే మనుషులు, మంచి చట్నీ, చిక్కటి ఫిల్టర్ కాఫీ. మెయిన్ స్ట్రీట్ రెస్టారెంట్లు చాలావరకు సాయంత్రం ఐదుకి తెరుస్తాయి. పొద్దున ఏడింటికి తెరిచే టిఫిన్ సెంటర్ ఒకటి ఉంటే ఆఫీసుకి వెళ్లేవాళ్లు, పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చే తల్లులు, లైబ్రరీకి వెళ్లే పెద్దవాళ్లు అక్కడ ఆగుతారు. రోజుకి రెండుసార్లు జనం తిరిగే వీధిలో మూడో కొట్టు పెట్టడానికి ఎవరూ భయపడరు.

మన ఊళ్లలో కూడా బజారుకి రుచి తెచ్చింది చాలాసార్లు బయటి నుంచి వచ్చినవాళ్లే. కర్ణాటక తీరం నుంచి వచ్చినవాళ్లు మన పట్టణాల్లో ఉడిపి హోటళ్లు పెట్టారు. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు హైదరాబాద్, సికింద్రాబాద్ కూడళ్లలో హోటళ్లు పెట్టి ఇరానీ చాయ్ అలవాటు చేశారు. ఈరోజు ఇరానీ చాయ్ లేకుండా హైదరాబాద్ గురించి ఎవరైనా మాట్లాడగలరా? ఇక్కడ ఇప్పుడు ఆ బయటి నుంచి వచ్చినవాళ్లం మనం. ఎడిసన్, ఐసెలిన్‌ల గుండా వెళ్లే ఓక్ ట్రీ రోడ్ 1990లలో మన భారతీయ కొట్లతోనే మళ్లీ నిండింది. ఆ పని చేసినవాళ్లంటే నాకెంతో గౌరవం. అయితే అక్కడికి మనం మనవాళ్ల కోసం వెళ్తాం. నేనడిగేది వేరు. మనవాళ్లు పదిమందే ఉన్న వీధిలో, ఊరందరి కోసం ఒక పెసరట్టు పెనం.

అలా పెట్టాలంటే మన పద్ధతి కొంత మారాలి. నూటయాభై ఐటమ్స్ మెనూ, వంద కుర్చీల హాలు మెయిన్ స్ట్రీట్‌లో నడవవు. నిబంధనల ప్రకారం చూసినా, 50 మంది కంటే తక్కువ పట్టే చోటును మామూలు వ్యాపార స్థలంగా లెక్కిస్తారు. దాటితే జనం గుమిగూడే స్థలం కిందకు వచ్చి షరతులు పెరుగుతాయి. నలభై కుర్చీలు, పదిహేను ఐటమ్స్, అన్నీ ఆ రోజు చేసినవే. పోపు వాసన గురించి పై వాటావాళ్లు ఫిర్యాదు చేస్తారన్న భయం కూడా వింటుంటాను. భయం నిజమే, సరైన హుడ్ లేని చోట ఆ గొడవలు జరిగాయి. అందుకే హుడ్ దగ్గర రాజీ పడకూడదని, ఆ ఖర్చు ఒక్క కుటుంబం మీద వేయకూడదని అంటున్నాను.

తినేవాళ్లం కూడా మారాలి. శనివారం రాత్రి అందరికీ బేరం ఉంటుంది. చిన్న రెస్టారెంట్ బతికేది మంగళవారం, బుధవారం. మన తెలుగు సంఘం సంక్రాంతికీ ఉగాదికీ ఐదారు వందల మందికి భోజనాలు ఒకేచోట, ఎవరు తక్కువకిస్తే వాళ్ల దగ్గర తెప్పిస్తుంది. కార్యవర్గం సమావేశాలు నెలకొకసారి ఎవరో ఒకరి బేస్‌మెంట్లో జరుగుతాయి. ఆ సమావేశం మంగళవారం రాత్రి మెయిన్ స్ట్రీట్‌లో ఒక చిన్న రెస్టారెంట్లో పెట్టుకోవచ్చు. మనది కాకపోయినా సరే, పెరూ వాళ్లదో వియత్నాం వాళ్లదో అయినా సరే. ఈ పత్రిక ద్వారా కార్యవర్గాన్ని నేను అడుగుతున్న మొదటి మాట ఇది.

రెండో మాట మీ అందరికీ. మా పట్టణంలో వచ్చే ఏడాది బడ్జెట్ మీద మాట్లాడే అవకాశం ప్రజలకు ఇస్తారు, మీ పట్టణంలోనూ ఇస్తారు. ఈసారి నేను మైకు ముందుకు వెళ్లి, ముఖభాగం గ్రాంటును వంటగది ఏర్పాట్లకు కూడా వర్తింపజేయమని, అగ్నిమాపకం, ఆరోగ్యం, భవన నిర్మాణ శాఖల వాళ్లు దరఖాస్తుదారుతో మొదటి వారంలోనే ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని అడగబోతున్నాను. చెప్పుల కొట్టు యజమాని కూడా వస్తానన్నారు. గుడివాడ ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. ప్లాజాలో లీజు ఇంకా మూడేళ్లుంది. "ముందు హుడ్ పెట్టించండన్నా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు.