మైకుకు ఇంకా ధనుర్మాసమే

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అలాంటి కనుమ తెల్లవారుజామున సరిగ్గా నాలుగున్నరకి గుడి మైకులో తిరుప్పావై మొదటి పాశురం మొదలవుతుంది. డిసెంబరు 16 దరిదాపుల్లో మొదలైన ధనుర్మాసం భోగి నాటి గోదాకల్యాణంతో ముగిసింది. పందిరి విప్పేశారు, కోలాటం పిల్లలు కర్రలు అప్పజెప్పేశారు. మైకు మాత్రం ఇంకా ధనుర్మాసంలోనే ఉంది. నిజానికి సంక్రాంతి నాడూ మోగింది. ఆ వేళకి ముగ్గులు వేస్తూ అందరూ మెలకువగానే ఉన్నారు కనుక ఎవరికీ అనుమానం రాలేదు. కనుమకి అల్లుళ్ళు నిద్రలో ఉంటారు, అదీ చిక్కు.

"ఏం స్వామీ, ధనుర్మాసం అయిపోలేదా?"

"అయిపోయింది బాబూ. దానికే ఇంకా తెలిసినట్టు లేదు."

దోషం అర్చకస్వామిది కాదు, ఆంప్లిఫయరు పక్కన గోడకి బిగించిన అరచేతంత డిజిటల్ టైమరుది. దానికి ఆన్, ఆటో, ఆఫ్ అని మూడు స్థితులు. కమిటీ సభ్యుడు లుంగీ ఎగ్గట్టుకుని పరుగున వచ్చి ఆఫ్ చేస్తాడు. పాట ఆగుతుంది. బుద్ధిమంతుడు గనక వెళ్తూ వెళ్తూ మళ్ళీ ఆటోలో పెట్టి మరీ వెళ్తాడు. ముక్కనుమ నాడు నాలుగున్నరకి మళ్ళీ అదే పాశురం. లోపల దాచిన సమయాన్ని చెరపకుండా ఎన్నిసార్లు ఆపినా అంతే. ప్రోగ్రాం మీట నొక్కితే ముందు ఒకటో ఆన్, మళ్ళీ నొక్కితే ఒకటో ఆఫ్ కనిపిస్తాయి. రెండూ చెరపాలి. ఆఫ్ ఒక్కటే చెరిపితే, ఆపే దిక్కులేక గోదాదేవి మధ్యాహ్న నివేదన దాకా పాడుతూనే ఉంటుంది.

కొత్త సమయం ఎంత పెట్టాలన్నది మరో పంచాయితీ. బహిరంగ మైకులు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మోగకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పొంగలి దొన్నె చేతికొచ్చే నెలరోజులూ ఈ చట్టం ఎవరికీ గుర్తుండదు. దొన్నె ఆగిన మర్నాడు వీధి వీధంతా ప్లీడర్లే.

సరే, ఆరుకి మార్చారు. తిరుమలలో కూడా ఈ నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావై, నెల తిరగ్గానే మళ్ళీ సుప్రభాతం. కాబట్టి కుర్రాడొకడు పెన్‌డ్రైవులో సుప్రభాతం ఎక్కిస్తాడు. అయితే చవక ప్లేయర్లు చాలావరకు ఎక్కించిన వరసలోనే పాడతాయి. ముందున్నవి ముప్ఫై పాశురాలు, ఒక్కోటి మూడు నిమిషాలు. స్వామిని నిద్రలేపాల్సిన పాట ఏడున్నరకి వస్తుంది. అప్పటికి స్వామి స్నానం చేసి, బాలభోగం ఆరగించి కూర్చున్నాడు. సుప్రభాతం ఒక్కటే ఉన్న వేరే పెన్‌డ్రైవు పెట్టుకోవడం ఉత్తమం. పాతదానికి దారం కట్టి, చీటీ అంటించి, హారతి కర్పూరం డబ్బాలో కాకుండా ఇంకెక్కడైనా దాచండి.

ఇక వంటశాల. నెలంతా ఐదు కిలోల బియ్యం, రెండున్నర కిలోల పెసరపప్పు, 50 గ్రాముల మిరియాలు. మూడొందల దొన్నెలకి సరిపోయే లెక్క. పండుగ వెళ్ళాక వచ్చేది పాతికమంది, వాళ్ళలో పదిమంది చెప్పుల కాపలాకి వచ్చినవాళ్ళు. తెలియక మొదటిరోజు పాత కొలతే పోస్తే గుండిగ అలాగే మిగులుతుంది. చల్లారిన కట్టెపొంగలి బిగుసుకుని సిమెంటవుతుంది, అన్నంతోపాటు నెయ్యి కూడా గడ్డకడుతుంది మరి. చన్నీళ్ళు పోసి కలిపితే ఉండలు కడుతుంది. అంచుల వెంట మరిగే నీళ్ళు పోస్తూ సన్నటి సెగమీద కదపాలి. కనుమ కదా, పశువులకి పెట్టేద్దాం అంటారు కొందరు. ఒక ముద్దయితే శుభం, తట్టలకొద్దీ వండిన అన్నం మేపితే ఆవు పొట్ట ఉబ్బి పశువుల డాక్టరు కోసం పరుగెత్తాలి.

మర్నాడు బియ్యం అరకిలోకి, పప్పు పావుకిలోకి తగ్గిస్తారు. అంతవరకూ బాగానే ఉంటుంది. మిరియాలు మాత్రం వంటస్వామి తూచడు, నెలరోజులుగా అలవాటైన గుప్పిలే వేస్తాడు. వెయ్యాల్సింది ఐదు గ్రాములు. దొన్నె అందుకున్న వాళ్ళంతా ధ్వజస్తంభం దగ్గర నిలబడి కళ్ళు ఒత్తుకుంటుంటే, ఆయన గుమ్మంలోంచి చూసి చేతులు జోడిస్తాడు: "జనం తగ్గితేనేం, భక్తి పెరిగింది!"